కాశీలో వదిలిన ఆకు

చేతిలో లేనిదాన్ని వదిలిపెడితే అది వదిలినట్టవుతుందా? కాశీ నుంచి తిరిగొచ్చిన రోజు మొదలు ఈ అనుమానం నాతోనే ఉంది. దీపం వెలిగించేటప్పుడు వచ్చి పలకరించేది, పనిలో పడితే పోయేది. ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసినవాళ్ళు శ్లోకం చెబుతారు, తెలియనివాళ్ళు నవ్వుతారు, రెండిటివల్లా నాకు తేలేదేమీ ఉండదు. ఇన్నేళ్ళూ చెప్పులో ఇసుక రేణువంతే కదా అని నడిచాను. ఈ రోజు, న్యూజెర్సీలో రూట్ వన్ రోడ్డు పక్కన కిటికీలు లేని ఈ గదిలో, మోకాళ్ళ ముందు వాకర్ పెట్టుకుని కూర్చున్నాక, నాకు జవాబు చెప్పి మరీ లోపలికి వెళ్ళమని అది అడ్డంగా నిలబడింది.

లేచి వెళ్ళిపోదామన్నా తలుపు నా చేతిలో లేదు. ఇక్కడి తలుపులకో పద్ధతి ఉంది. వీధి తలుపు మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. ఆ రెండిటి మధ్య అద్దాల పెట్టెలాంటి చోట నిలబడి రాష్ట్రం వాళ్ళిచ్చిన కార్డు చూపించాలి. కార్డులో ఉన్నది నేనేనా అని సెక్యూరిటీ అతను రెండుసార్లు చూశాడు, ఫొటోలో బొట్టు పెద్దదిగా ఉండడం వల్ల కాబోలు. మా ఆయన్ని రానివ్వలేదు. "సారీ సర్, పేషెంట్ ఓన్లీ," అన్నాడు. ఆయన అద్దం అవతలినుంచే నా శాలువా సర్దుతున్నట్టు గాల్లో చెయ్యి కదిపి, మంచులో కారు దగ్గరికి నడిచి వెళ్ళిపోయారు. లోపలికొచ్చి కూర్చున్న కాసేపటికే కంప్యూటర్లు ఆగిపోయాయన్నారు. అవి మళ్ళీ లేస్తే గాని మందు ఇచ్చే గదిలోకి ఎవరినీ పంపరట. బయటికి వెళ్తే మాత్రం ఈ రోజు పేరు పోయినట్టే, మళ్ళీ బుక్ చేసుకోవాలి, మళ్ళీ ఎన్ని వారాలో. ఫోన్ వాడకూడదని గోడమీద బొమ్మ. మూల ఒక కుండీలో మొక్క ఉంది, వేలితో ముట్టుకుని చూశాను, ప్లాస్టిక్. మొక్కల మందు అమ్మేచోట ఒక్క నిజం మొక్కయినా పెట్టకూడదా అనుకున్నాను, ఆ వెంటనే, పెడితే ఎవరైనా తుంచుకుపోతారని అర్థమై నాలో నేనే నవ్వుకున్నాను.

నవ్వితే కాలు బిగుసుకుంటుంది. ఏడ్చినా బిగుసుకుంటుంది. నా జబ్బు అలాంటిది. నరాల మీద ఉండే పొర అక్కడక్కడా ఊడిపోతుందట, కరెంటు తీగ మీది రబ్బరు ఊడినట్టు. డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. తుంటి దగ్గర మొదలై పిక్క దాకా కాలంతా ఎవరో బావి తాడు మెలిపెట్టి లాగుతున్నట్టు బిగుస్తుంది. నా కాలే, కానీ దాన్ని వదలమని చెప్పడానికి నాకు అధికారం లేదు. బిళ్ళలు వేసుకుంటే కాలు వదులుతుంది, దాంతోపాటు నాలుకా, మెడా, తెలివీ కూడా వదులైపోతాయి. లలితా సహస్రనామంలో సగం దాకా వచ్చి ఎక్కడున్నానో మరిచిపోతాను. వేసుకోకపోతే తెల్లవార్లూ మెలకువ. పీట మీద కూర్చుని పూజ చేసి రెండేళ్ళవుతోంది. గుళ్ళో హారతికి అందరూ లేస్తారు, నేను కుర్చీలోంచి అందరి నడుములూ చూస్తాను, స్వామి కనిపించడు. మొన్న సంక్రమణం నాడు ఆయన నన్ను స్నానాల గది నేల మీదనుంచి ఎత్తారు. ఎత్తుతూ ఆయనకి నడుము పట్టేసింది. ఇద్దరం ఆ నేల మీదే కూర్చుని గోడకి ఆనుకుని, "మనమిద్దరం కలిసి ఒక పూర్తి మనిషికి సరిపోతాం," అని ఆయన అంటే, నవ్వడానికి భయపడి ఊరుకున్నాను. అప్పుడే ఆయన అన్నారు, "ఇంక ఆ మందు తీసుకోవలసిందే వసంతా. నీ ఆకు, నీ శపథం, అన్నీ పక్కన పెట్టు," అని.

శపథమని ఆయన అంటారు గాని అది శపథం కూడా కాదు. మావయ్యగారి అస్థికలు కలపడానికి కాశీ వెళ్ళాం, అత్తయ్యా ఆయనా నేనూ, అమ్మాయి పుట్టకముందు. కాశీ వెళ్ళినవాళ్ళు ఒక కాయా, ఒక పండూ, ఒక ఆకూ అక్కడ గంగలో వదిలేసి రావాలి, జన్మలో మళ్ళీ నోట పెట్టకూడదు. ముందురోజు సాయంత్రం గోదౌలియా సందుల్లో ఈయన బాదం పాలనుకుని పెద్ద గ్లాసుడు తాగారు, పచ్చగా ఉందేమిటండీ అంటే పిస్తా అయి ఉంటుందన్నారు. ఆ రాత్రి సత్రంలో మంచం మీద కూర్చుని, గంగ నిలబడిపోయింది, ఊరే కొట్టుకుపోతోంది, గట్టిగా పట్టుకోండి అని మంచం కోడు పట్టుకుని వదల్లేదు. అత్తయ్య తలమీద నీళ్ళు చల్లుతూ, "తండ్రి బూడిద ఇంకా కలపలేదు, అప్పుడే నీకు విలాసాలు కావలసొచ్చాయట్రా!" అని తిట్టింది. తెల్లారి మెట్ల దగ్గర మన తెలుగు పురోహితుడే, మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, దోసిట్లో నీళ్ళు పోసి, "ఊఁ, కాయ చెప్పండి తల్లీ," అన్నాడు. కాకరకాయ అన్నాను. నాకు మొదటినుంచీ అది పడదు. "పండు?" సీతాఫలం, గింజలు ఏరుకోలేక. "ఆకు?" అక్కడ ఆగిపోయాను. తోటకూర అందామంటే ఆయనకిష్టం. పాలకూర అందామంటే రక్తం తక్కువని డాక్టరమ్మ అదే తినమంది. ఒక్కొక్క ఆకూ కళ్ళముందుకొచ్చి నన్ను వదిలేస్తావా అన్నట్టు చూస్తోంది. వెనకాల ఇంకో కుటుంబం నీళ్ళలో వణుకుతూ తొందరపెడుతోంది. రాత్రి కోపం ఇంకా చల్లారలేదేమో, నోట్లోంచి వచ్చేసింది. "ఈ ఊళ్ళో పాలలో కలుపుతారే, ఆ భంగాకు!"

నీళ్ళలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఈయన తలదించుకున్నారు. పురోహితుడు కూడా ఆపుకోలేక, "సరిపోయింది. స్వామికి ఇష్టమైన ఆకు, స్వామికే ఇచ్చేశావు. గడుసుదానివమ్మా," అని, వెంటనే మంత్రం చెప్పి నీళ్ళు వదిలించేశాడు. అత్తయ్య నవ్వలేదు. తన వంతు వచ్చినప్పుడు నీళ్ళకేసి చూస్తూ నెమ్మదిగా "వంకాయ" అంది. వంకాయంటే ప్రాణం ఆవిడకి. ఒడ్డుకి వచ్చాక తడి చీర పిండుకుంటూ, "మనకి అక్కర్లేనిది ఇస్తే ఆయన కాదనడమ్మాయ్. పుచ్చుకుంటాడు. అంతే," అంది. ఆ "అంతే" ఏమిటో చెప్పలేదు. తర్వాత ఆవిడ పోయేదాకా ఎన్ని పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నాను, గుత్తివంకాయ వడ్డించేవాడు వచ్చినప్పుడల్లా విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, వాడు వెళ్ళాక ఆ వాసన పోయేదాకా ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. ఆ క్షణం చూసినప్పుడల్లా నాకు లోపల ఎక్కడో సిగ్గేసేది. నేనెప్పుడూ దేనికీ అలా కళ్ళు మూసుకోనక్కర్లేకపోయింది. కాకరకాయ వచ్చినప్పుడు సంతోషంగా చెయ్యి అడ్డంపెట్టాను.

ఇప్పుడు ఆ ఆకే, ఆ గంజాయే, నాకు మందు అంటున్నారు. లోకంలో ఇన్ని ఆకులుండగా! స్వామి పుచ్చుకుని ఊరుకోలేదు, దాచిపెట్టి ఉంచాడు, నాకు అవసరం వచ్చేదాకా. లేక ఇదంతా నా అహంకారమా, కోట్లమందిని చూసుకునేవాడికి నా భంగాకు లెక్కా? ఒకవేళ లెక్క కాదంటే అత్తయ్య వంకాయ కూడా లెక్క కాదనాలి. అది నేను అనలేను. మొన్న ఎడిసన్ గుళ్ళో ప్రవచనం చెప్పినాయన, వదలవలసింది వస్తువుని కాదు, దానిమీది కోరికని అన్నారు. వినడానికి బాగుంది. రాత్రి రెండింటికి కాలు మెలిపడినప్పుడు నాకున్నది ఒకటే కోరిక, నిద్ర. దాన్ని వదలమంటారా?

అమ్మాయి సాన్వికి ఇవేవీ అర్థం కావు, అది పుట్టింది ఇక్కడ. బోస్టన్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఇట్స్ మెడిసిన్. గాడ్ ఈజ్ నాట్ చెకింగ్ యువర్ ప్లేట్, ఓకే?" అంటుంది. "చెకింగ్ చేస్తాడే," అంటే, "దెన్ హీ నోస్ యు ఆర్ సిక్," అంటుంది. ఆయనది ఇంకో దారి. నిన్న రాత్రి కళ్ళజోడు పైకి తోసుకుని, కంప్యూటర్లో చదివి చదివి, ఏదో కేసు గెలిచిన ప్లీడరులా వచ్చారు. "వసంతా, వీళ్ళు అమ్మేది ఆకు కాదే. పువ్వు! ఎండబెట్టిన పువ్వు. నువ్వు వదిలింది ఆకు. పువ్వు గురించి పురోహితుడు అడగనే లేదుగా?" మొహం వెలిగిపోతోంది పాపం. "నేతిలో వేసి సన్నసెగ మీద ఉంచితే సారం దిగుతుందట, పొగ తాగక్కర్లేదు, నువ్వు నెయ్యి బాగా కాస్తావు కూడాను," అన్నారు. "ఒకసారి అక్కర్లేని ఆకు ఇచ్చి తప్పించుకుని వచ్చినదాన్ని, ఇప్పుడు ఆ మాటనుంచి కూడా తప్పించుకోమంటారా?" అన్నాను. ఆయన కళ్ళజోడు దింపి, "మరి ఏం చెయ్యమంటావు? నిన్ను చూస్తూ కూర్చోమంటావా?" అని గట్టిగా అరిచారు. మా కాపురంలో ఆయన అరవడం చాలా తక్కువ. అరిచి, వెళ్ళి గిన్నెలు కడిగారు, కడిగినవే మళ్ళీ.

ఆయన భయం నాకు తెలుసు. ఇప్పటికే ఆలస్యమైంది, అదీ నావల్లే. ఆయనా అమ్మాయీ ఎప్పుడో ఇక్కడి పౌరులు. నేనే గ్రీన్‌కార్డు మీద ఉండిపోయాను. మందు సంగతి డాక్టరుగారు ఎత్తినప్పుడు ఒక లాయరమ్మని అడిగాం. రాష్ట్రం ఒప్పుకుంటుంది, కేంద్రం ఒప్పుకోదు, గ్రీన్‌కార్డు వాళ్ళు ముట్టుకుంటే రేపు ఎయిర్‌పోర్టులోనో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలోనో ఏ ప్రశ్న ఎటు తిరుగుతుందో చెప్పలేం, ముందు సిటిజన్ అవ్వండి ఆంటీ, ఓత్ అయ్యేదాకా మందు కార్డు ఊసే వద్దు, అంది. అందుకని కాలు మెలిపెడుతుంటే పంటి బిగువున కాగితాల కోసం కూర్చున్నాను. కిందటి శరదృతువులో ప్రమాణానికి నెవార్క్‌లో పిలిచారు. పెద్ద హాలు, రకరకాల దేశాలవాళ్ళు, కుర్చీలోంచే కుడిచెయ్యి ఎత్తమన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పాను. ఇన్నాళ్ళూ నేను ఏ దేశపు మనిషినో ఆ దేశంతో నా బంధాన్ని పూర్తిగా వదులుకుంటున్నాను అని దాని అర్థం. ఇంటికొచ్చాక ఆయన విడమరిచి చెప్పారు. హాల్లో మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు, చిన్న జెండా ఇచ్చారు. నిజంగా నాదైనదాన్ని, పుట్టినప్పటినుంచీ నాదైనదాన్ని, చెయ్యెత్తి ఒక్క నిమిషంలో వదిలేశాను, నాలుక తడబడలేదు. ఎన్నడూ నాది కాని ఆకు దగ్గర మాత్రం ఇలా చిక్కుకుపోయాను. ఇందులో ఏది నిజమైన వదలడం? రెండూ కాదా? లేక రెండూ నిజమేనా, నాకే బరువు తెలియలేదా?

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. తెల్లజుట్టు, ఎర్ర స్వెట్టరు, నుదుటిమీద బూడిద మరక. మొదట చూసినప్పుడు విభూతి అనుకుని ఉలిక్కిపడ్డాను. నేను చూస్తున్నది చూసి తానే చెప్పింది, ఈ రోజు వాళ్ళ పండగట, చర్చిలో పెడతారట, ఈస్టరు దాకా ఏదో ఒకటి మానెయ్యాలట. పేరు డొలోరెస్ అంది. "ఐ గివ్ అప్ చాక్లెట్. ఎవ్రీ ఇయర్," అని గొంతు తగ్గించి, "బట్ సండేస్ డోంట్ కౌంట్, హనీ," అని కన్ను గీటింది. సెక్యూరిటీ అతను అక్కణ్ణుంచే, "డొలోరెస్, లాస్ట్ ఇయర్ యు ఏట్ మై కిట్‌క్యాట్ ఆన్ ఎ ట్యూస్‌డే!" అన్నాడు. "ఇట్ వజ్ మెడికల్!" అందావిడ. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వు పూర్తికాకముందే వచ్చింది. మడమ బిగుసుకుపోయి, మోకాలు దానంతటదే పైకి లేచి వాకర్ని తన్నింది. అది చప్పుడుతో పడింది. రెండు చేతులతో తొడ పట్టుకున్నాను, పక్కవాళ్ళ బిడ్డని పట్టుకున్నట్టు. పళ్ళ మధ్య పంచాక్షరి. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, "మామ్, షుడ్ ఐ కాల్ సమ్‌బడీ?" అన్నాడు. ఎవరిని పిలుస్తాడు? పిలవాలన్నా ఆయన రెండు తలుపుల అవతల, కారులో, అద్దాలు ఆవిరిపట్టి. తలుపులు ఒకటి మూసుకుంటే గాని ఒకటి తెరుచుకోవు. డొలోరెస్ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ కాసేపూ నాకు కాశీ లేదు, న్యూజెర్సీ లేదు, ఆకూ పువ్వూ లేవు. కాలొక్కటే ఉంది, నేను దానిలోపల ఉన్నాను. నెమ్మదిగా, తనకి బుద్ధి పుట్టినప్పుడు, అది వదిలింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. కళ్ళు తుడుచుకుంటుంటే అత్తయ్య మాట గుర్తొచ్చింది, ఒక్కసారిగా కాదు, తడి చీరలోంచి నీళ్ళు కారినట్టు చుక్కచుక్కగా. మనకి అక్కర్లేనిది ఇస్తే ఆయన కాదనడు, పుచ్చుకుంటాడు, అంతే. అంతే అంటే, శిక్షించడు అని కదా? కోపగించుకోడు. ఊరికే చూస్తూ ఉంటాడు, ఇవ్వవలసినది ఇంకా ఇస్తామేమో అని. ఇన్నేళ్ళూ నేను ఆకుని ముట్టుకుంటే తప్పేమో అని భయపడ్డాను. తప్పు ముట్టుకోవడంలో లేదేమో. ఇవ్వకుండా వచ్చేశాను, అదీ సంగతి. స్వామి నాకోసం దాచిన ఆకుని నేను తీసుకోవచ్చు, నాకు నిజంగా ఇష్టమైన ఆకు ఆయనకి ఇస్తే. ఇది కూడా ప్లీడరు మాటేనా? నన్ను నేను అడిగి చూసుకున్నాను. కాదనిపించింది. ఈయన పువ్వు మాట విన్నప్పుడు లోపల తేలికైంది. ఈ మాటకి లోపల కొంచెం బెంగ పుట్టింది. బెంగ పుట్టింది కాబట్టి నిజమే అయి ఉంటుంది.

"వసంట్... వసంటా-లాక్..." అని లోపలి తలుపు దగ్గర ఎవరో నా పేరు నోరు తిరక్క పిల్చారు. కంప్యూటర్లు లేచాయి. డొలోరెస్ వాకర్ ఎత్తి నా ముందు పెట్టింది.

లోపల మందుల షాపులాగే ఉంది, ఇంకా శుభ్రంగా. గాజు బల్ల వెనక అమ్మాయి, మా సాన్వి ఈడుది, మందు రకాలకి ఏవేవో పేర్లు చెప్పింది, పళ్ళ పేర్లు, పొద్దుల పేర్లు. కాలికి, నిద్రకి, తల తిరగనిది కావాలన్నాను. నేతిలో కాస్తానంటే, "యు మీన్ ఘీ? దట్స్ పర్ఫెక్ట్!" అని సంబరపడి, ముందు చాలా కొంచెమే వేసుకోమని, రెండు గంటలు ఆగి చూడమని, తొందరపడి మళ్ళీ వేసుకోవద్దని చెప్పింది. గ్లాసుడు తాగి మంచం కోడు పట్టుకున్న మనిషి నా ఇంట్లోనే ఉన్నాడని ఆ పిల్లకేం తెలుసు. మూత బిగించిన చిన్న సీసాలో ఎండిన పువ్వు, దానిమీద నా పేరు. కవరుకి సీలు వేసి చేతికిచ్చింది. బరువే లేదు.

మళ్ళీ ఒక తలుపు, అద్దాల పెట్టె, ఇంకో తలుపు. చలి మొహాన కొట్టింది. ఆయన నన్ను చూసి కారు దిగి, మంచుమీద జారబోయి నిలదొక్కుకుని వచ్చారు. "ఇంతసేపా! లోపల పడిపోయావేమోనని... ఇచ్చారా? చూపించు. ముందు ఎక్కు, చలి."

"నీళ్ళ సీసా ఉందా కార్లో?"

"దాహమా? ఎక్కి తాగుదువుగానిలే."

"తాగడానిక్కాదండీ. నా చేతిలో పొయ్యండి."

ఆయన నా మొహంకేసి చూశారు. ఎన్నేళ్ళ కాపురం, అర్థమైంది. కవరు అందుకుని సీటు మీద పెట్టి, నీళ్ళ సీసా తెచ్చి మూత తీశారు. ఒక చేత్తో కారు తలుపు పట్టుకుని, రెండో చెయ్యి చాపాను. దోసిలి కాదు, అరదోసిలి, నిలబడాలి కదా. నీళ్ళు ఐసులా ఉన్నాయి. గుళ్ళో పంతులుగారు చెప్పగా విన్నది నాకు గుర్తున్నంత చెప్పుకున్నాను, జంబూద్వీపే బదులు ఇక్కడ చెప్పే క్రౌంచ ద్వీపే, రమణక వర్షే అని, గోత్రం, పేరు. మంత్రం తప్పుపోతే గంగ దిద్దుకుంటుంది.

"ఏం వదులుతున్నావు?" ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"కొత్తిమీర."

"కొత్తిమీరా!" ఆయన కళ్ళజోడు మీద మంచు పడుతోంది. "అది లేకుండా నీకు ముద్ద దిగదు కదే. చారులో, పచ్చడిలో, ఉప్మాలో... ఏ ఇంటికెళ్ళినా పైన చల్లే ఇస్తారు. ఏరుకుంటూ కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

"కరివేపాకో, ఇంకోటో..."

"ఏమండీ, నీళ్ళు కారిపోతున్నాయి."

ఆయన ఇంకొంచెం నీళ్ళు పోశారు. వేళ్ళు వదులు చేశాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారి, మంచు కరగాలని ఉప్పు చల్లిన నేలమీద తెల్లటి మంచులో చిన్న గుంట చేసుకుని ఇంకిపోయాయి. అప్పుడు ఎక్కడినుంచో, కొత్తిమీర తరిగాక కత్తిపీట మీద మిగిలే ఆ వాసన ముక్కుకి తగిలింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను.